మా నాయన చెకుముకి తుపాకి

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు డి.ఎ. బకాయిల గురించే అనుకున్నాను. ఆ విషయం నాకంటే బాగా మాట్లాడేవాళ్ళు ఈ హాలులో వందమంది ఉన్నారు. "అది కాదండీ, మీరు కలెక్టరాఫీసులో ఆయుధాల లైసెన్సుల సీటు చూశారు గదా, దాని గురించి ఏదైనా చెప్పండి" అన్నారు. సరేనన్నాను. నాకు డెబ్బై అయిదేళ్ళు నిండాయి. ఈ విషయం ఇంతవరకు సభలో చెప్పలేదు. ఇప్పుడైనా చెప్పకపోతే చెప్పకుండానే పోతానేమోనని ఒప్పుకున్నాను.

ఇదిగో, నా చేతిలో ఉన్నది ఒక రాయి. వెనుక వరుసల వారికి కనబడదు. బొటనవేలి గోరంత వెడల్పు, ఒక అంచు పలచగా, గాజుపెంకులాగా ఉంటుంది. మన వయసువాళ్ళకు తెలుసు, ఇది చెకుముకి రాయి. మన తాతల మొలలో చెకుముకి సంచి ఉండేది. అందులో ఈ రాయి, ఒక ఉక్కుముక్క, కాస్త బూరుగు దూది. రాయితో ఉక్కును గీస్తే రవ్వ లేచేది, దూది అంటుకునేది, చుట్ట వెలిగేది. రవ్వ రాయిలోంచి వస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి రాయి పదునైన అంచు ఉక్కును సన్నగా చెక్కుతుంది. ఆ ఉక్కుపొట్టే ఆ వేడికి గాలిలో మండి రవ్వ అవుతుంది.

ఆ చెకుముకి సంచిని తుపాకికి బిగిస్తే అదే చెకుముకి తుపాకి. గొట్టం పక్కన పైకి లేచి ముందుకు కొట్టే భాగాన్ని మావాళ్ళు గుర్రం అంటారు. దాని దవడల మధ్య తోలుముక్కలో చుట్టి రాయిని బిగిస్తారు. ఎదురుగా ఒక ఉక్కు పలక, దాని కింద చిన్న గిన్నె. గిన్నెలో పోసే మెత్తని మందును రంజకం అంటారు. మీట నొక్కితే గుర్రం ముందుకు పడి, రాయి పలకను గీసుకుంటూ దాన్ని ముందుకు తోస్తుంది. గిన్నె తెరుచుకుంటుంది, రవ్వలు రంజకంలో పడతాయి. ఆ మంట గొట్టం పక్కనున్న సన్నని బెజ్జం గుండా లోపలి మందుకు చేరుతుంది. ఆ బెజ్జాన్ని బాగా గుర్తుపెట్టుకోండి. నా కథంతా దాంట్లోనే ఉంది.

ఈ పద్ధతి పదిహేడో శతాబ్దం మొదట్లో ఫ్రాన్సులో రూపు దిద్దుకుందని చెబుతారు. అంతకు ముందుది జామగి తుపాకి. జామగి అంటే నిప్పంటించిన తాడు. అది ఎప్పుడూ కాలుతూనే ఉండాలి. వాన పడితే ఆరిపోతుంది, రాత్రిపూట దాని నిప్పు శత్రువుకు కనబడుతుంది, పక్కన మందు సంచి ఉంటే ఇక చెప్పనక్కరలేదు. చెకుముకి వచ్చాక ఆ బాధ తప్పింది. మన ఉత్తర సర్కారుల్లో 1757 బొబ్బిలి యుద్ధం, 1758 డిసెంబరు 7న పిఠాపురం దగ్గర చందుర్తి యుద్ధం జరిగిన కాలం ఈ తుపాకుల కాలమే. ఈస్టిండియా కంపెనీ తన సిపాయిలకు ముప్పాతిక అంగుళం బోరు, 39 అంగుళాల గొట్టం ఉన్న తుపాకి చేయిస్తే, ఆ నమూనాను తర్వాత ఇంగ్లండు సైన్యమే తీసుకుంది. వాటికి కావలసిన రాళ్ళు ఇంగ్లండులో బ్రాండన్ అనే ఊళ్ళో చెక్కేవారు. తరతరాలుగా ఆ ఊరివాళ్ళ వృత్తి అది. 1840 ప్రాంతానికి రాయి స్థానంలో దెబ్బకు పేలే రాగి టోపీ వచ్చింది. సైన్యాలు చెకుముకిని వదిలేశాయి.

పల్లెలు వెంటనే వదల్లేదు. మా ఊరు రాయలసీమలో గుట్టల పక్కన మెట్ట పల్లె. మా ఇంట్లో తాతల నాటి చెకుముకి తుపాకి ఉండేది. టోపీ తుపాకిగా మార్పించమని ఎందరు చెప్పినా మా నాయన వినలేదు. "టోపీలు అయిపోతే టౌనుకు పోవాల. రాయి అరిగితే గుట్టెక్కితే చాలు" అనేవాడు. దానికి పంట రక్షణ కోసం లైసెన్సు ఉండేది. 1962 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన 1959 ఆయుధాల చట్టంలోనే గొట్టం మూతి నుంచి మందు దట్టించే తుపాకిని పంట రక్షణకు ఇచ్చే ఏర్పాటు ఉంది. సెక్షను 13. ఉద్యోగంలో చేరకముందే నాకు కంఠతా వచ్చిన సెక్షను అదొక్కటే.

వేరుసెనగ ఊరే రోజుల్లో మంచె మీద నాయనతో పడుకునేవాణ్ణి. తుపాకి దట్టించడం ఆయనకు పూజ చేసినంత క్రమం. ముందు కడ్డీ దించి గొట్టం ఖాళీయో కాదో చూసేవాడు. ఎనుము కొమ్ములోంచి మందును వెదురు కొలతలోకి వంచి, దాంట్లోంచి గొట్టంలో పోసేవాడు. కొమ్ములోంచి నేరుగా ఎన్నడూ పోయలేదు. ముందటి దెబ్బ తాలూకు నిప్పు లోపల మిగిలి ఉంటే కొమ్ముకు కొమ్ము చేతిలోనే పేలుతుంది. తర్వాత పాత పంచె చింపిన గుడ్డ ఉండ పెట్టి, కడ్డీతో మందుకు ఆనేదాకా దట్టించేవాడు. మధ్యలో ఖాళీ మిగిలితే గొట్టం ఆ చోట ఉబ్బుతుంది, ఒక్కోసారి చీలుతుంది. రంజకం పోయడం అన్నిటికంటే చివర. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఆ రోజుల నుంచి నాయన గుండు మానేశాడు. వట్టి మందు, గుడ్డ ఉండ వేసి పేల్చి పందులను బెదిరించేవాడు.

ఒక్కోసారి రంజకం భగ్గుమనేది, తుపాకి పేలేది కాదు. అప్పుడు నాయన తుపాకిని దించేవాడు కాదు. మనుషులు లేని వైపు మూతి పెట్టి నాచేత అరవై లెక్కపెట్టించేవాడు. లోపల మందు నిదానంగా రగులుతూ ఉండి ఆలస్యంగా పేలవచ్చు. "అది చెప్పిన టైముకు పనిచెయ్యలేదంటే అసలు చెయ్యదని కాదురా" అనేవాడు. మన ఆఫీసుల్లో చాలా ఫైళ్ళకు కూడా ఆ మాట వర్తిస్తుందని తర్వాత తెలిసింది.

శుభ్రం చేయడం నా పని. నల్లమందు కాలితే అంతా పొగగా పోదు, కొంత మసిగా, ఉప్పులుగా గొట్టంలోనే మిగిలిపోతుంది. ఆ ఉప్పులు గాలిలో తేమను పీల్చుకుంటాయి. వానాకాలంలో ఒక్క రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి తుప్పు. కిరసనాయిలు పోసి తుడిస్తే మెరుస్తుంది గానీ ఉప్పు పోదు. ఉప్పును కరిగించేది నీళ్ళే. గుర్రం, పలక ఉన్న యంత్రాన్ని విప్పి పక్కన పెట్టి, గొట్టంలో వేడినీళ్ళు పోసి, కడ్డీకి గుడ్డ చుట్టి, తెల్లగుడ్డ తెల్లగా బయటికి వచ్చేదాకా తోమాలి. వేడి గొట్టం తనంతట తనే ఆరుతుంది. ఆరాక నూనె పూసిన గుడ్డ తిప్పాలి. మళ్ళీ దట్టించేముందు ఆ నూనె తుడవాలి, లేకపోతే మందు తడుస్తుంది. బెజ్జాన్ని కోడి ఈకతో శుభ్రం చేయాలి. ఇనుప సూదితో పదే పదే గెలికితే బెజ్జం పెద్దదవుతుంది, దెబ్బ బలం పక్కకు పోతుంది.

మరమ్మతుకు ఊరి కమ్మరి పెద్దాయన దగ్గరికి పోయేవాళ్ళం. రవ్వలు రావడం లేదంటే ఆయన ముందు రాయిని చూసేవాడు. ఇరవై ముప్పై దెబ్బలకు అంచు మొద్దుబారుతుంది. తిప్పి బిగించినా, అంచు కొంచెం చెక్కినా సరిపోతుంది. రాయి బాగుండీ రవ్వ రాలేదంటే లోపం పలకది. దాని పైపొర గట్టితనం అరిగిపోయి ఉంటుంది. ఎముకల బొగ్గులో పెట్టి, మట్టితో మూసి, కొలిమిలో చాలాసేపు కాల్చి, నీళ్ళలో ముంచితే మళ్ళీ గట్టిపడుతుంది. అన్నిటికంటే ఆయన భయపడింది గుర్రం సగం ఎత్తులో ఆగే మెట్టుకు. అక్కడ ఆగితే మీట నొక్కినా పడకూడదు. ఆ మెట్టు అరిగితే తుపాకి చేతిలో పట్టుకుని నడుస్తున్నప్పుడే పేలవచ్చు. "గొట్టం పాతదైతే పర్వాలేదు, మెట్టు పాతదైతే ఇంటికి తీసుకుపోవద్దు" అనేవాడు.

నాయనకు రెండు గుర్తులు ఉండేవి. ఒకటి కడ్డీ మీద గీత. ఖాళీ గొట్టంలో కడ్డీ దించితే గీత సరిగ్గా మూతి దగ్గరికి వస్తుంది. మందు ఉంటే గీత నాలుగు వేళ్ళు పైన నిలుస్తుంది. రెండోది ఈక. దట్టించిన తుపాకిని పేల్చకుండా పక్కన పెట్టవలసి వస్తే గిన్నెలో రంజకం దులిపేసి, బెజ్జంలో కోడి ఈక కాడ గట్టిగా దూర్చేవాడు. ఈక ఉంటే లోపల మందు ఉన్నట్టు.

నేను 1972లో ఎల్.డి.సి.గా చేరాను. 1982లో కలెక్టరాఫీసుకు బదిలీ అయి మెజిస్టీరియల్ సెక్షనులో ఆయుధాల సీటు చూశాను. లైసెన్సుదారు చనిపోతే వారసులు అనవసరమైన జాప్యం లేకుండా ఆయుధాన్ని పోలీస్ స్టేషనులోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించాలి. సెక్షను 21. ఆ మాటతో నేను రాసిన మెమోలు, పంపిన రిమైండర్లు లెక్కలేదు. ముసలి వితంతువులకు కూడా పంపాను.

1984లో మా నాయన పోయాడు. రాత్రి మంచె మీద ఉండగా గుండెనొప్పి వచ్చింది. పక్క చేనువాళ్ళు ఆయన్ను బండిలో ఆస్పత్రికి చేర్చారు, తుపాకిని ఇంటికి చేర్చారు. కర్మలయ్యాక నేనే దాన్ని గోనెపట్టాలో చుట్టి అటక మీద పెట్టాను. వచ్చే నెల అప్పగిద్దాం అనుకున్నాను. ఆ నెల రాలేదు. నాయన వస్తువు ఇంట్లోంచి పోతుందన్న బాధ కొంత, మన సీటే గదా అన్న ధీమా కొంత. ఊరందరికీ మెమోలు రాసినవాణ్ణి నాకు నేను రాసుకోలేదు.

1986 దసరాకు అందరం ఊళ్ళో కలిశాం. ఆయుధపూజకు కొడవళ్ళు, నాగలి కర్రుతో పాటు తుపాకి కూడా దించాను. పైన తుడిచి, నూనె పూసి, రాయి బిగించి, పసుపు కుంకుమ పెట్టాను. తొమ్మిదేళ్ళ నా పెద్ద కొడుకు "నాన్నా, ఒక్కసారి రవ్వలు చూపించు" అన్నాడు. గుర్రం ఎత్తి వాడిచేతే మీట నొక్కించాను. టక్కుమని రవ్వలు రాలాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. మళ్ళీ అన్నారు, మళ్ళీ నొక్కించాను. మూడుసార్లు. గోడకు ఆనుకుని మా అమ్మ పూలు కడుతూ కూర్చుంది. తుపాకి మూతి ఆమె వైపే ఉంది.

1987లో మండల పరిషత్ ఎన్నికలు వచ్చాయి. ఆయుధాలు అప్పగించమని అందరికీ నోటీసులు తయారు చేస్తుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. సెలవు పెట్టి, సంజాయిషీ రాసుకుని, తుపాకిని స్టేషనుకు తీసుకుపోయాను. హెడ్డుగారు "ఖాళీయేనా?" అన్నారు. "ఖాళీయేనండీ" అన్నాను. కాగితం మీద అలాగే రాసి సంతకం పెట్టాను. అక్కడ ఆయుధాలు చూసే పెద్దాయన ఒకరు ఉన్నారు. ఆయన నా మాట గానీ కాగితం గానీ పట్టించుకోలేదు. కడ్డీ లాగి గొట్టంలో దించాడు. గీత నాలుగు వేళ్ళు పైన ఆగింది.

ఎవరూ మాట్లాడలేదు. ఆయన తుపాకిని ఆరుబయటికి తీసుకుపోయి, మూతి మట్టిదిబ్బ వైపు పెట్టి, గొట్టంలో నీళ్ళు పోసి చాలాసేపు వదిలేశాడు. తర్వాత కడ్డీ చివర మరచుట్టు కొక్కెం బిగించి తిప్పి లాగాడు. ముందు గుడ్డ ఉండ వచ్చింది. ఎర్ర అంచు పంచె ముక్క. ఆ పంచె నాకు తెలుసు. దాని వెనక నల్లటి బురదలాగా మందు వచ్చింది. బెజ్జంలో చూస్తే ఈక కాడ లోపలే విరిగి ఉంది. బయటికి కనిపించే భాగం గోనెపట్టాకు రాసుకుని ఎప్పుడో ఊడిపోయింది. లోపల మిగిలిన ఆ గోరంత ముక్క దసరా నాటి రవ్వలను మందు దగ్గరికి పోనివ్వలేదు. లోపల గుండు లేదు గదా అనుకోకండి. అంత దగ్గరగా ఆ మందు మంటా, గుడ్డ ఉండా చాలు ప్రాణం తీయడానికి.

మందు మూడేళ్ళ పాతది గదా, ఇంకా పేలేదా అని కొందరు అడిగారు. నల్లమందు తడవకుండా ఉంటే దశాబ్దాలైనా చావదు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. ఆమె గాభరాపడలేదు. "ఈక పెట్టుంటాడులే మీ నాయన. ఆ రాత్రి దట్టించే ఉన్నాడు, నొప్పి రాకముందు పందులొచ్చినాయని చెప్పె గదా ఆస్పత్రిలో" అంది. ఆమెకు తెలుసు! "మరి నాకు చెప్పలేదేమమ్మా?" అన్నాను. "నువ్వు ఆ ఆఫీసులోనే పనిచేస్తివి. చూసుకోకుండా ఉంటావా అనుకొంటి" అంది.

అదండీ విషయం. కడ్డీ ఉంది, దాని మీద గీత ఉంది, గుర్తు నాకు తెలుసు, తెలిసిన మనిషి ఎదురుగానే కూర్చుని ఉంది. నేను దించి చూడలేదు, అడగలేదు. తెలిసినవాణ్ణన్న గర్వమే కారణం. తెలియనివాడైతే భయపడి ముట్టుకునేవాడు కాదు.

కాబట్టి పెద్దలకు నేను మనవి చేసేది ఇది. మీ పాత ఇళ్ళలో అటక మీదో, భోషాణంలోనో తాతల నాటి తుపాకి బయటపడితే అది దట్టించి ఉందనే అనుకోండి. ఎంత తుప్పుపట్టినా అలాగే అనుకోండి. గుర్రం ఎత్తి చూడవద్దు, పిల్లల చేతికి ఇవ్వవద్దు, నిప్పు చూపవద్దు, లోపలిది మీరే తీయబోవద్దు. ముట్టుకోకుండా స్టేషనుకు కబురు చేయండి. పాతది కాబట్టి లైసెన్సు అక్కరలేదని మనంతట మనం తీర్మానించుకోకూడదు. మరమ్మతు చేసినా పేలని స్థితిలో ఉన్న పాత ఆయుధానికే చట్టం సెక్షను 45లో మినహాయింపు ఇచ్చింది. పేలుతుందో లేదో తేల్చవలసింది మనం కాదు. 2016లో కొత్త ఆయుధాల రూల్సు వచ్చాయి. 2019 సవరణతో లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి అయిదేళ్ళయింది. రూల్సు మారాయి గానీ కడ్డీ దించి చూడాలన్న రూలు మారలేదు. పిల్లలకు ఆ తుపాకులు చూపించాలనుంటే హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది ఉంది, తీసుకుపోయి చూపండి.

ఇంకొక్క మాట. మన వయసులో ప్రతివారి దగ్గరా తమకొక్కరికే తెలిసిన గుర్తులు ఉంటాయి. బ్యాంకు లాకరు తాళం, పొలం హద్దు రాయి, ఎవరికో ఇచ్చిన చేబదులు, ఫ్యామిలీ పెన్షను కాగితాలు ఉన్న పెట్టె. మా నాయన ఈకలాగే అవి మనకు స్పష్టంగా కనిపిస్తాయి, ఇంకెవరికీ కనబడవు. ఒక కాగితం మీద రాయండి. రాసి ఊరుకోకుండా ఇంట్లో ఇద్దరికి చెప్పండి. పిల్లలూ, మీరు పెద్దవాళ్ళను అడగండి. అడిగితే చెబుతారు. వాళ్ళంతట వాళ్ళు చెప్పకపోవడానికి కారణం చాలాసార్లు మీ మీద నమ్మకమే.

ఆ తుపాకి మళ్ళీ మా ఇంటికి రాలేదు. రావాలని నేనూ దరఖాస్తు పెట్టలేదు. ఈ రాయి మాత్రం ఆ పెద్దాయన దవడల్లోంచి ఊడదీసి నా చేతిలో పెట్టాడు. ముప్పై ఎనిమిదేళ్ళు దాటింది, నా పెన్షను పుస్తకం పక్కనే ఉంటుంది. ఆ రోజు మీట నొక్కిన నా కొడుక్కి ఇప్పుడు యాభై దగ్గర పడ్డాయి. ఈ సంగతి వాడికి ఎప్పుడూ చెప్పలేదు. ఈ రోజు ఆ మూడో వరుసలో కూర్చుని వింటున్నాడు.